చివరగా వాయించినవారు

బాపూ,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. పొద్దున జనగామ నుంచి మ్యూజియం సారు వ్యాన్ వేసుకుని వచ్చాడు. జానపద కళాకారుల వస్తువులు ఊరూరా అడిగి తీసుకుంటున్నాడట. పెళ్లికీ చావుకీ పిలిచి నిన్ను వాకిలి బయటే నిలబెట్టారు కదా, ఇప్పుడు నీ డప్పును అద్దాల పెట్టెలో పెడతారట.

నీ తలపాగా, ఫొటో సంతోషంగానే ఇచ్చాను. డప్పు తెచ్చేసరికి, మసి పట్టిందని సారు దాన్ని తడిగుడ్డతో తుడిచేశాడు. తోలు మెత్తబడి మూగబోయింది. నాకు ఒళ్లు మండింది. వాకిట్లో గడ్డి మంట వేశాను.

“అయ్యో, కాలిపోతదమ్మా!”

“కాగకపోతే ఇది పలకదు సారూ.”

కాచి, సిర్ర పుల్ల పట్టి దరువు వేశాను. వీధంతా బయటికొచ్చింది.

“ఎక్కడ నేర్చినవమ్మా?” అన్నాడు.

“మా బాపు ఇంట్ల లేనప్పుడు.”

“ఆడిపిల్ల సిర్ర ముట్టొద్దు” అని నువ్వన్నప్పుడల్లా తలూపాను. నువ్వు వాయించడానికి కేసముద్రం వైపు పోయినప్పుడల్లా చూరుకు వేలాడే పాత డప్పు దించాను. ఇప్పుడు తిట్టుకో.

సారు కాగితంలో ‘చివరగా వాయించినవారు’ అన్నచోట నీ పేరు రాసి ఉంది. కొట్టేసి నా పేరు రాశాను.

“మరి డప్పు ఇయ్యవా?”

“నేను వాయించుడు బంద్ చేసిననాడు రాండ్రి సారూ.”

రేపు బచ్చన్నపేటలో పెళ్లికి వాయించాలి. డప్పు నీదే, దరువూ నీదే. వాకిలి బయట మాత్రం నిలబడను.