ఆడపిల్లల బెంచీలో లెక్కల సార్

సార్,

మీరు పోయి నేటికి ఏడాది. ఇబ్రహీంపట్నంలో మన బడివాళ్లు మీ ఫొటోకు దండ వేసి, దాని కింద నిలబడి మాట్లాడమని నన్నే పిలిచారు. పిల్లల మెదడు ఎలా ఎదుగుతుందో, అందులో ఆడామగా తేడాలేమిటో పరిశోధించి పుస్తకం రాశాను కదా, అందుకని.

లెక్క తప్పిన మగపిల్లాణ్ని మీరు గంట కొట్టేదాకా మా బెంచీలో కూర్చోబెట్టేవారు. "ఆడివిల్లలకు లెక్కలొచ్చే మెదడు ఉండదు. నీకూ లేదు, పోయి ఆళ్ల నడుమ కూసో" అనేవారు. వాడు ఏడ్చేవాడు. వాడికి పడిన శిక్ష మేమే. తల దించుకుని జరిగి చోటిచ్చేవాళ్లం.

తేడాలే లేవని నేను రాయలేదు సార్. ఉన్నవి రాశాను. మీరు చెప్పింది మాత్రం ఇరవై ఏళ్లు వెతికినా ఏ పిల్ల మెదడులోనూ దొరకలేదు.

ఇవాళ మాట్లాడే ముందు మీ ఫొటోను దండతో సహా గోడ మీంచి దించి, ఆడపిల్లల మొదటి బెంచీలో పెట్టాను.

"సార్ ఏం తప్పు చేసిండు మేడం?" అని ఒక పిల్ల అడిగింది. అంతా చెప్పాను. ఆ పిల్ల పక్కదాన్ని మోచేత్తో పొడిచి, "జర జరుగే, గంట కొట్టేదాక సార్ ఈడనే కూసుంటడు" అంది.

గంట కొట్టారు. బడి విడిచారు. మిమ్మల్ని లేపకుండానే వచ్చేశాను.