మధ్యలో వదిలిన సముద్రం

యారాడ,
మంగళవారం

సింహాద్రి బావా,

మన పల్లె ఆడవాళ్ళని సినిమా తెరమీద మూలకి నెట్టినవాడు డైరెక్టర్ గురునాథరావు. యాభై ఏళ్ళ కిందటి ఆ అన్యాయానికి ఈ ఆదివారం ఫిలిం క్లబ్బు వాళ్ళు దండ వేసి, హాల్లో ఆయన సినిమా ఆట వేస్తారట.

ఫోన్లో ఒక ముక్క చూశాను, అరనిమిషం. మా నాయనమ్మ, పేరు ముసలమ్మే గానీ అప్పటికి ఇరవయ్యేళ్ళ పిల్ల, తెర అంచున సగం భుజం. తక్కినదంతా ఖాళీ సముద్రం! కష్టం చేసేవాళ్ళు అంచుకి, అందచందాలు నడిమధ్యకి. నేను చదివిన ప్రతి కరపత్రంలోనూ ఉన్న దోపిడీ ఇదే కదా. పైగా కొత్త చూపు నేర్పిన మహానుభావుడట!

హాలు యజమానికి ఫోన్ చేసి, ఆట పడితే ఊరుకునేది లేదని చెప్పాను. కరపత్రం పంపుతున్నా. స్టీల్ ప్లాంట్ గేటు దగ్గర పంచి, మీ షిఫ్టు వాళ్ళందర్నీ తీసుకురా. నాయనమ్మకి మాత్రం చెప్పలేదు. తనని అలా చూసి నేనే తట్టుకోలేకపోయాను, తనేమైపోతుంది?

ఆగ్రహంతో,
వాసు

యారాడ,
శుక్రవారం

బావా,

ఫోన్ చేస్తే నువ్వు నవ్వుతావు, నేను అరుస్తాను. అందుకే మళ్ళీ కాగితం.

హాలాయన భయపడి ఆట రద్దు చేశాడు. గెలిచాం అనుకుంటుండగా క్లబ్బు అమ్మాయి యశస్విని ల్యాప్‌టాప్ పట్టుకుని మా గుమ్మంలోకొచ్చింది. "అన్యాయం జరిగింది మీ నాయనమ్మగారికి కదా, ఆవిడనే చెప్పమనండి" అంది.

నాయనమ్మ నామీద లేచింది. "నా సినిమా ఆపడానికి నువ్వెవుడివిరా? అప్పుడు పెద్ద హాల్లో ఆడిందంట, మాకెవుడు సూపించాడు?"

"నిన్ను మూలకి నెట్టాడే!"

"మూలేటిరా? పడవలెల్లి మూడ్రోజులు రాపోతే నాను మద్దిలో నిలబడి ఏటి సేత్తాను? మద్దిలోకి మా మగోలు రావాల."

గాలివాన రోజులట. మా తాత పడవ జాడ లేదు. గురునాథరావు రెండు రోజులు కెమెరా తెరవకుండా ఆడవాళ్ళ పక్కన ఇసకలో కూర్చున్నాడట. మూడోరోజు, "ఎటు చూస్తున్నావమ్మా?" అని అడిగి, నాయనమ్మ భుజం వెనకే కెమెరా పెట్టి, తను పక్కకి తప్పుకున్నాడట.

యశస్విని ల్యాప్‌టాప్‌లో మొత్తం చూపించింది. బావా, ఆ షాటు నాలుగు నిమిషాలు. పాట లేదు, మాట లేదు. మొదటి నిమిషం విసుగు. రెండోదానికి కోపం. మూడోదానికి నేనూ నీళ్ళమీద వెతుకుతున్నాను! మెడ సాచి, ల్యాప్‌టాప్ మీదకి వంగి. నా కంటికింకా ఏమీ ఆనలేదు, అంతలోనే నాయనమ్మ కేకేసింది: "అదిగోరా మీ తాత!" కాసేపటికి గానీ నువ్వుగింజంత చుక్క నాకు కనపడలేదు. తెరమీద ఆ భుజం కదిలింది. ఇక్కడ మంచం మీద అదే భుజం కదిలింది.

మీ చెల్లి ఆశ నిశ్చితార్థం ఫోటోలప్పుడు "పక్కకి జరగండి, మధ్యలో సముద్రం వదలండి" అని గొంతు చించుకున్నది నేనే. బీచ్‌లో ఫోటోలు తీసే ప్రతివాడూ అదే అంటాడు. ఎవరు నేర్పారో మాకెవరికీ తెలీదు. ఆయన్ని తిడుతూ, ఆయన కళ్ళతోనే చూస్తున్నాను బావా! ఏం మనిషి!

తప్పు చేసినవాణ్ణి నేను. ఆ మాటే కరపత్రం వేయిస్తున్నా, కింద నా పేరుతో. హాలాయన ఇంక ఒప్పుకోడు. నాయనమ్మే వెళ్ళి హార్బర్లో చేపల వేలం షెడ్డు అడిగింది. గోడకి దుప్పటి కడతాం, యశస్విని ప్రొజెక్టర్ తెస్తుంది. అడ్డుకోడానికి పిలిచినవాళ్ళందర్నీ చూడ్డానికి పిలువు.

ఆదివారం సాయంత్రం ఆరున్నరకి, ఫిషింగ్ హార్బర్ వేలం షెడ్డు. నేలమీదే కూర్చోవాలి. ఆ నాలుగు నిమిషాలూ ఎవడూ ఫోన్ తియ్యకూడదు.

నీ వాసు