పదిహేడో పైల్

ఫిబ్రవరి 6
గండికోట దారిలో, పదకొండు ఇళ్ల పేట మీదున్న కొండవాలుకు పైళ్లు, అంటే భూమిలోకి దించే కాంక్రీటు స్తంభాలు, మొదలుపెట్టాము. ఒకే వరుసలో ఇరవై నాలుగు. పద్నాలుగు మీటర్ల లోతు, అడుగుభాగం గట్టి రాతిలో దిగాలి. భూమి కంపిస్తే జారే మట్టిని ఇవి పట్టి ఉంచాలి. పైలుకూ పైలుకూ మధ్య దూరం పైల్ వెడల్పుకు మూడింతలు. అంతకు మించితే మట్టి సందులోంచి జారిపోతుంది.

ఈడ వానే రాదు, భూకంపం యాడొస్తాది సార్ అని కాంట్రాక్టర్ శ్రీకాంత్ నవ్వాడు.

ఫిబ్రవరి 19
పదిహేడో గుంతలో పదకొండు మీటర్ల దగ్గర నీళ్లు పడ్డాయి. నేను తల పట్టుకున్నాను. మా పనివాళ్లు ఏళ్లుగా నీటి బోర్లు వేసినవాళ్లు. బోరుబండి ఆపి కొబ్బరికాయ కొట్టారు. సాయంత్రానికి పేటంతా బిందెలతో వచ్చింది.

ఫిబ్రవరి 20
కాంక్రీటు పోయనివ్వలేదు. గుంతకు సరిగ్గా కింద ఉన్న ఇల్లు సిద్దమ్మది. భర్త తిమ్మయ్యను పక్కన కూర్చోబెట్టుకుని అంచున బైఠాయించింది. ఏడు బోర్లేసినా దుమ్మే లేసిందప్పా అంది. ఇరవై మూడు మంది గట్టోళ్లు నిలబడినాక ఒగడు కూకుంటే కొండ పడిపోతాదా అని అడిగింది. మూడింతల లెక్క ఓపికగా వివరించాను. శ్రద్ధగా విన్నది. శానా బాగా చెప్పినావు, ఇంగ మోటారు ఎప్పుడేస్తావు అంది.

నవ్వు ఆపుకోలేకపోయాను.

ఫిబ్రవరి 21
ఒప్పుకున్నాను. పదిహేడో గుంతను బోరుకు వదిలి, దానికి బదులుగా ఆ ఖాళీ వెనుక రెండు పైళ్లు వేసేలా డ్రాయింగ్ మార్చాను. లెక్క సరిపోయింది. సంతకం నాది.

మార్చి 4
వరుసలో మిగతా ఇరవై మూడూ పూర్తి. బోరుబండి వేరే పనికి నందికొట్కూరు వెళ్లింది. వెనుక రెండు పైళ్ల కోసం వారంలో తిరిగి పంపిస్తానని శ్రీకాంత్ మాట ఇచ్చాడు.

మార్చి 30
బండి రాలేదు. ఆ రెంటికీ మళ్లీ మంజూరు కావాలట. పై ఆఫీసుకు మూడో లేఖ రాశాను. పేటవాళ్లు పదిహేడో గుంతలో పైపు, మోటారు దించుకున్నారు. సిద్దమ్మ చెంబుతో ఆ నీళ్లిచ్చింది. తియ్యగా ఉన్నాయి.

మే 11
రాలేదు.

జులై 2, ఉదయం 5.40
రెండు రోజులుగా వాన. ఇప్పుడే కడప లాడ్జిలో మంచం కదిలింది. పన్నెండు సెకన్లు. బయలుదేరుతున్నాను.

జులై 2, ఉదయం 11.00
ఇరవై మూడు పైళ్లూ నిటారుగా ఉన్నాయి. మట్టి పదిహేడో చోటు నుంచి మాత్రమే జారింది. డ్రాయింగులో నేను వదిలినంత వెడల్పే. పది ఇళ్లు నిలిచాయి. సిద్దమ్మ ఇల్లు లేదు. సిద్దమ్మ లేదు. తిమ్మయ్య అప్పటికే పొలానికి వెళ్లి ఉన్నాడు.

మీ లెక్క కరెక్టే సార్ అని శ్రీకాంత్ మెల్లగా అన్నాడు.

జులై 5
మట్టిలోంచి వంగిన బోరు పైపు మూతి ఒకటి కనిపిస్తోంది. తిమ్మయ్య దాని పక్కన నిలబడి ఉన్నాడు. చేతిలో బిందె. ఆ బోరు మల్లా పనిచేస్తాదా సారూ అని అడిగాడు.