ఎక్కే విమానానికి దారి

నాయనా,

సంగటి, చెనిక్కాయల ఊరుబిండి హాట్‌బాక్సులో పెట్టినాను. తినేసి కంట్లో చుక్కల మందు వేసుకో. కంప్యూటరు ఆ తర్వాతే.

యుద్ధవిమానాల ఆటలో నిన్న కూడా మన విమానం కూలిపోయింది. శత్రువు కింద నుంచి ఎక్కి వస్తుంటే కాల్చకుండా పక్కకు తప్పుకున్నావు. అదేంది నాయనా అంటే, "ఎక్కే బండికి దిగే బండి దారియ్యాల గదమ్మా" అన్నావు. అది మొగిలి ఘాట్ రోడ్డు కాదు, నువ్వు తోలేది పలమనేరు బస్సూ కాదు. నీ పుణ్యమా అని ఆటలో నా ర్యాంకు అట్టడుక్కి పోయింది.

అయినా, బస్సు తోలడానికి చూపు చాలదని డిపోవాళ్లు నిన్ను ఇంట్లో కూర్చోబెట్టినాక నువ్వు నవ్వగా నేను చూసింది ఆ ఆట ముందర కూర్చున్నప్పుడే. అందుకే ఈరోజు శత్రువులే లేకుండా పెట్టినాను. ఎదురొచ్చేవన్నీ మన విమానాలే. ఎన్నిటికి కావాలంటే అన్నిటికీ దారియ్యి.

నీ కూతురు కోమలి

చెప్పడం మర్చిపోయినా. కారు తీసుకుని మొదటిసారి ఒక్కదాన్నే పలమనేరు పోతున్నా. వాకిట్లో నిలబడి ఎదురుచూడొద్దు. తిరిగొచ్చేటప్పుడు ఘాట్‌లో బండి ఏదైనా ఎక్కుతూ కనిపిస్తే నేనూ ఆగుతాలే.