పొగమంచు సీన్‌కి ఒక్క వాక్యం

ఏప్రిల్ 8, సోమవారం

పొద్దున్నే ఆశ్చర్యం. ఒక్క ఫ్రేము కూడా మారని సినిమాకి రేటింగ్ మారిపోయింది! అమ్మ ఆరేళ్ళప్పుడు చూసిన సినిమా అది. వరదలో తల్లి నుంచి తప్పిపోయిన పాప, పొగమంచులో వంతెన మీద ఒక్కతే నడుస్తుంది. అప్పట్లో ‘అందరూ చూడొచ్చు’. శనివారం మళ్ళీ విడుదలవుతోంది. ఇప్పుడు ‘ఏడేళ్ళలోపు పిల్లలు పెద్దవాళ్ళతోనే’. మార్చింది మా అత్త వాళ్ళ ఆఫీసే. రేటింగ్ కింద, ఎందుకో చెప్పే ఒక్క వాక్యం రాయడం అత్త పని. వాక్యం రాస్తే జీతం! నాకూ అదే ఉద్యోగం కావాలి.

చెల్లికి ఆరేళ్ళు. టాన్సిల్స్ ఆపరేషన్‌కి ఒక్కతే లోపలికి వెళ్ళొచ్చినప్పటి నుంచీ, అమ్మ బాత్రూమ్‌కి వెళ్ళినా తలుపు దగ్గర కాపలా కాస్తోంది. అయినా పోస్టర్ చూసిన రోజు నుంచీ ఈ సినిమా కోసం మా ప్రాణం తీస్తోంది.

ఏప్రిల్ 9

అమ్మకి కోపం వచ్చింది. మేమంతా చూశాం, ఏమైనా చచ్చామా అంది. చావలేదు గానీ వదినా, పెళ్ళయ్యాక కూడా టీవీలో ఆ వంతెన సీన్ వస్తే అన్నయ్య చొక్కా పట్టుకునేదానివి కదా అంది అత్త. నాన్న ప్లేటులోంచి తల ఎత్తలేదు.

ఏప్రిల్ 10

ఇవాళ అత్త పనిచేయడం చూశాను. భయపెట్టే సీన్‌ని ముందు సౌండ్ తీసేసి చూస్తుంది. తర్వాత కళ్ళు మూసుకుని వింటుంది. పాత సినిమాల్లో రాక్షసులు ఉత్త అట్టముక్కలే అంది, కానీ పిల్లని ఒంటరిగా వదిలేస్తే ఎంతసేపైనా అలాగే ఉంచేవాళ్ళట. ఇప్పటి రాక్షసులకి పళ్ళెక్కువ. పాప బెదిరేలోపే ఎవడో ఒకడు జోకేసేస్తాడట. ఆ పాత ధైర్యమంటే అత్తకి గౌరవం. అందుకే కత్తిరించమనదు, ముందు చెప్పి చూపించండి అంటుంది. మా అత్త! గర్వం పట్టలేకపోయాను.

నన్నూ ఒక వాక్యం రాసి చూడమంది.

ఏప్రిల్ 11, ఉదయం

‘ఉత్కంఠ’లో కంఠం ఉంది. ఇన్నాళ్ళూ చూడనేలేదు.

ఏప్రిల్ 11, సాయంత్రం

కొంప ముంచాను. నా వాక్యం ఇదీ: ‘పొగమంచు మింగిన వంతెనపై, అమ్మ గొంతు కరిగిపోయిన నిశ్శబ్దంలో, ఒంటరి పసిపాదాలు.’ ఎంత బాగా రాశానో అనుకుని చెల్లికి అభినయంతో సహా వినిపించాను. వెళ్ళి అమ్మ నడుం పట్టుకుంది. ఇక వదల్లేదు. సినిమాకి రానంటే రానంది. సినిమా లేకుండానే జడిపించావు కదే, ముందు నీ వాక్యానికి ఇవ్వాలి రేటింగ్ అంది అత్త. నాకు నవ్వు రాలేదు.

అత్త చెల్లిని పక్కన కూర్చోబెట్టుకుని తన మాటల్లో చెప్పింది. పాపకి కాసేపు అమ్మ కనిపించదు. తర్వాత అమ్మే వెతుక్కుంటూ వస్తుంది. రెండో మాట ఆఫీసులో రాయనివ్వరట, కథ చెప్పేసినట్టవుతుందని. ఇంట్లో నన్నాపేదెవరు అంది. ఒక్క విశేషణం లేదు! ‘కాసేపు’ అనే మాట అంత బరువు మోయగలదని నాకు తెలీదు.

చెల్లి మాత్రం లేచి మళ్ళీ అమ్మ దగ్గరికే వెళ్ళిపోయింది.

ఏప్రిల్ 12, శుక్రవారం

వాళ్ళమ్మ వస్తుందని ఆ పాపకి తెలుసా అని అడిగింది చెల్లి. తెలీదన్నాను. మరి ఎవరైనా చెప్పాలిగా అంది.

రేపు మార్నింగ్ షో. వంతెన దగ్గర గట్టిగా అరిచి చెబుతుందట. ముందు వరసలో కూర్చుంటాం.