ఆవులో చేరిన పాము

అక్కా,

ఈరోజు నీ సంవత్సరీకం. భవాని పేట్ ఇంటికి చిన్నాయన కూడా దయచేశాడు. మరాఠీ వాణ్ని చేసుకున్నావని నీ పెళ్ళికి రాని పెద్దమనిషి, నీ పేరున పెట్టే భోజనానికి మాత్రం అందరికన్నా ముందొచ్చి కూర్చున్నాడు.

నీ కూతురు నీ ఫొటోకు దండ వేయగానే, "రక్తం కల్తీ అయిన పిల్ల ముట్టింది" అంటూ జేబులోంచి సీసా తీసి గోమూత్రం చల్లాడు. బయాలజీ చదువుతున్న పిల్ల కదా, నవ్వింది.

"తాతా, పాములల్ల ఉండే డీఎన్‌ఏ ముక్కలు ఆవులల్ల గూడ ఉన్నయి. ఎన్నడో బయటికెల్లి వచ్చి చేరినయి."

"ఏందే, ఆవుకు పాముకు లగ్గం చేస్తవా?"

"లగ్గమెందుకు? రెండిటి రక్తం తాగిన గోమారి పురుగు మోసి ఉండొచ్చంటరు. ఆ తర్వాత తల్లికెల్లి దూడకు అదే వస్తది."

నలభై ఏళ్లు మగ్గం మీద తెగిన పోగుకు వేరే కండె పోగు అతికి, అంతా ఒకే బట్ట అని అమ్మిన మనిషి. ఆయన బుర్రకు ఇది ఎక్కలేదు. పాము భయం మాత్రం ఎక్కింది. చాయ్‌లో పాలు పోయబోతే, "దూద్ నక్కో" అన్నాడు.

ఆయన వద్దన్న పాలు నీ కూతురు నీ ఫొటో ముందే నిలబడి తాగింది. పై పెదవికి మీగడ అంటింది, అచ్చం నీకులాగే. తుడుచుకోలేదు.