పచ్చి కాంక్రీటులో అడుగులు

కొత్తపేట, శుక్రవారం

యాదమ్మకు, నేను బాగానే ఉన్నాను. ఫోను మీ అమ్మ ఎత్తుతుందని ఈ కార్డు రాస్తున్నాను. ఆమెకు చదివి వినిపించకు.

సోమవారం ఇక్కడ గుంటూరు వాళ్ల ఇంట్లో, గేటు నుంచి కారు వెళ్లే దారికి కాంక్రీటు పోశాం. దిల్‌సుఖ్‌నగర్‌లో తెలంగాణ ఊరేగింపును పోలీసులు తరిమితే మీ తమ్ముడు నాగేష్ ఈ గల్లీలోకి ఉరికివచ్చాడు. "బావా, జర జరుగు!" అంటూ పచ్చి కాంక్రీటు మీదుగానే పరుగెత్తాడు. ఒక చెప్పు అందులో దిగబడిపోయింది. గోడ దూకేలోపే పట్టుకుని వ్యాను ఎక్కించారు. నేను వెనక పరుగెత్తబోతే ఇంటాయన, "ఎండ మండిపోతోంది మేస్త్రీ, గట్టిపడకముందే ఆ గుంటలు పూడ్చెయ్యండి" అన్నాడు. పూడ్చి వెళ్లేసరికి వ్యాను లేదు. ఏ స్టేషన్‌లో అడిగినా ఆ పేరుగలవాడు లేడంటున్నారు.

బస్సులు బందు, నేను రాలేను. వాడి ఫోటో ఒకటి వెంటనే పోస్టులో పంపు. మొన్నటి గాలివానకు మన వెనక గోడ నిలిచిందా? పిల్లల తల నిమిరానని చెప్పు.

పగుళ్లు రాకుండా ఆ దారి మీద గోనెసంచులు పరిచి రోజూ తడుపుతున్నాను. సంచి ఎత్తినప్పుడల్లా నేను పూడ్చిన అడుగులు వేరే రంగులో, గోడ దాకా కనిపిస్తున్నాయి.

సైదులు